చెవిరాయిలో రోజులు

నా కూతురు ఎన్నేళ్లకు చనిపోయిందో నాకు చాలాకాలం సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే పంతొమ్మిది అనేదాన్ని. బడి కాగితం ప్రకారం అంతే. ఆ కాగితంలో ఏముందో అప్పటికి నేను చదవలేదు, నాకు అప్పుడు చదువు రాదు. నలభై దాటాక, పడమటి సముద్రం ఒడ్డున చేపలు కోసే షెడ్డులో అక్షరాలు నేర్చుకున్నాను. నా బిడ్డ వయసు మీద అనుమానం కూడా అక్కడే పుట్టింది. పుట్టించింది ఒక చేప. వాన చుక్క కోసం ఆకాశం వైపు చూసే మెట్ట మీద పెరిగిన మనిషి సముద్రపు చేప గురించి రాయడం నాకే విడ్డూరంగా ఉంది. కానీ దాని గురించి చెప్పకుండా నా బిడ్డ గురించి చెప్పలేను.

మా ఊరు ముదిగుబ్బకూ బత్తలపల్లెకూ నడుమ ఉంది. మాకు కొంచెం ఎర్రనేల ఉంది, అందులో మట్టికన్నా గులకరాళ్లు ఎక్కువ. వాన పడితే వేరుశనగ వేస్తాం, పడకపోతే నేల అట్లాగే ఉంటుంది. నా భర్త వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. ఒక కరువులో మంద అంతా అమ్ముడుపోయాక ఆయన కూలికి పోవడం మొదలుపెట్టాడు.

తర్వాత చాలా ఏళ్లకు మళ్లీ వరుసగా పంటలు పోయాయి. అప్పుడు పక్క ఊరి మేస్త్రీ ఒకాయన మంగళూరు దాటి ఉన్న ఒక రేవు సంగతి చెప్పాడు. ఆడవాళ్లకు షెడ్డులో చేపలు కోసే పని, మగవాళ్లకు రేవులో ఐసు మోసే పని. మొగుడూ పెళ్లాం కలిసి వస్తేనే తీసుకుంటారు. ఆగస్టులో పోతే మే నెలాఖరుకు తిరిగి రావచ్చు. వానాకాలం రెండు నెలలు పడవలు సముద్రంలోకి పోకూడదని సర్కారు ఆపుతుంది. సరిగ్గా ఆ రెండు నెలలే మాకు ఇక్కడ విత్తనం వేసే కాలం. మాలాంటివాళ్ల కోసమే ఎవరో అట్లా అమర్చినట్టు అనిపించింది.

పోలేకపోయింది ఒక్క మా పాప వల్లే. ఒక్కతే కూతురు. పది పాసై రెండేళ్లుగా ఇంట్లో ఉంది. పొడుగు పిల్ల. పదేళ్లప్పుడే నా చెవుల దాకా వచ్చింది. నీళ్లకు పోతే రెండు బిందెలు మోసుకొచ్చేది, ఒకటి నెత్తిన, ఒకటి నడుమున. రేవులో కూలీలకిచ్చే గదుల గురించి నేను ముందే విన్నాను. ఒక రేకుల గదిలో రెండు సంసారాలు, నడుమ ఒక గోనెపట్టా. ఎదిగిన పిల్లను అక్కడికి తీసుకుపోలేం. ఇక్కడ ఒంటరిగా వదలలేం. సంబంధం వచ్చింది, ఇచ్చేశాం.

పెళ్లికి వారం ముందు అంగన్వాడీలో పనిచేసే ఆమె ఇంటికి వచ్చింది.

"ఏమక్కా, పాపకు పద్దెనిమిది నిండినాయా?" అని అడిగింది.

"నిండకుండా చేస్తామా?" అని నేను ట్రంకుపెట్టెలో నుంచి బడి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చదివింది. "నిండినాయిలే, ఈ నెల ఒకటో తేదీకే. సరిగ్గా చూసుకోని పెట్టుకున్యారే ముహూర్తం," అని నవ్వింది. టీ తాగి, పాప గడ్డం పట్టుకుని చూసి పోయింది. నేను చదవలేని కాగితాన్ని ఆ రోజు అంత ధీమాగా చూపించాను.

పెళ్లయిన రెండు నెలలకు మేము బస్సెక్కాం.

షెడ్డులోకి ఎన్నో రకాల చేపలు వచ్చేవి. వాటిలో ఒకటి మా చేతికి ఎక్కువగా వచ్చేది. ఎగుమతి పెట్టెల మీద దాని పేరు మాహి మాహి అని రాసి ఉండేదట. మా వైపు ఆడవాళ్లం మాత్రం నొసటి చేప అనేవాళ్లం. మగచేపకు నొసలు గోడలాగా నిలువుగా లేచి ఉంటుంది. ఆడదాని తల గుండ్రంగా కిందికి జారి ఉంటుంది. వీపు మీద తల నుంచి తోక దాకా ఒకటే పొడుగాటి రెక్క. చదునైన ఒళ్లు, కొడవలిలాగా చీలిన తోక. కత్తితో మెడ దగ్గర గీసి కొస పట్టుకుని లాగితే చర్మమంతా ఒక్కటిగా ఊడి వస్తుంది, గొర్రెతోలు ఒలిచినట్టు. ఆ పని నాకు రెండు రోజుల్లోనే వచ్చేసింది. అక్కడి ఆడవాళ్లు ఆశ్చర్యపోయారు. చేపే చూడని ఊరిదానికి ఇంత వాటం ఎట్లా వచ్చిందని అడిగారు. గొర్రెల ఇంటి కోడలిని అని చెప్పాను.

మా బల్ల మీదికి వచ్చేసరికి అది బూడిదరంగులో ఉండేది. కడిగినా అంతే. అందులో చూడదగ్గది ఏమీ ఉందనుకోలేదు. ఒకసారి మనిషి తక్కువయ్యాడని నా భర్తను పడవ మీదికి తీసుకుపోయారు. ఐదారు రోజులకు తిరిగి వచ్చాడు. కాళ్లు ఇంకా నేల మీద నిలవడం లేదు. గది బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఏమే, నువ్వు కోసేది బూడిదె. నేను చూసింది బంగారు," అన్నాడు.

"బంగారైతే ఒకటి తెచ్చి నా మెడలో వేయకపోతివా?"

"తెచ్చేలోపలే సచ్చిపోతాది గదా. నీళ్లలో బంగారు. పడవలోకి లాగితే పచ్చగైతాది, నీలంగైతాది, ఒళ్లంతా రంగులు పరిగెత్తుతాయి. రెప్ప కొట్టి చూస్తే బూడిదె. నాకు చేతులాడలేదంటే నమ్ము."

దాన్ని పట్టే తీరు కూడా చెప్పాడు. ఈ చేప నీళ్ల మీద తేలే దేని కిందికైనా నీడ కోసం చేరుతుంది. దుంగ గానీ, తాడు ముక్క గానీ, ఎండిన పాచి గానీ, ఏదైనా సరే. అందుకని పడవవాళ్లు కొబ్బరి మట్టలు కట్ట కట్టి సముద్రంలో తేలేస్తారు. కొన్నాళ్లకు పోయి చూస్తే కింద గుంపు ఉంటుంది. గాలం వేస్తారు.

"మొదుట పడ్న్యాదాన్ని పైకి లాగరు," అన్నాడు. "తాడుకు అట్లే నీళ్లలో పెట్టేస్తారు. అది కొట్టుకుంటాంటే కడమవి దాన్ని ఇడ్సిపెట్టి పోవు. చుట్టూ తిరుగుతానే ఉంటాయి. అప్పుడు ఒక్కోటీ పడతాది. ఆఖర్న దాన్ని లాగుతారు."

మరుసటి నెల మళ్లీ పిలిస్తే ఆయన పడవెక్కలేదు. ఐసు మోయడమే మేలన్నాడు.

రెండో ఏడు పనికి పోయిన నాలుగు నెలలకు పాప చనిపోయింది. నెలలు నిండాయి, కాన్పుకు మేము బయలుదేరాలనుకుంటున్నాం. అంతకు ముందే మూర్ఛలు వచ్చాయట. పట్నం ఆసుపత్రికి తీసుకుపోయే దారిలోనే సగం ప్రాణం పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. ఫోను వచ్చినప్పుడు నేను బల్ల దగ్గర ఉన్నాను. మేస్త్రీ వచ్చి కత్తి కింద పెట్టమన్నాడు. ఇద్దరం ఊరికి చేరేసరికి రెండో రోజు పొద్దెక్కింది. మా కోసం ఆపారు. నా చేతులకు చేప వాసన అట్లాగే ఉంది. ఎంత తోమినా పోలేదు. ఆ చేతులతోనే నా బిడ్డకు పసుపు రాశాను.

పదిహేను రోజులు పోయాక మేము మళ్లీ షెడ్డుకే పోయాం. వేరే ఎక్కడికి పోతాం?

ఆ మరుసటి ఏడు ఒక చదువుకునే అమ్మాయి షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. నెల్లూరు అవతలి పిల్ల. చేపల చదువు చదువుతోంది. నొసటి చేప మీదే ఆమె పరీక్ష. చెక్కకు కొలబద్ద కొట్టిన పలక ఒకటి తెచ్చుకునేది. చేపను దాని మీద పడుకోబెట్టి కొలిచేది, తూచేది, పొట్ట కోసి గుడ్లున్నాయా లేవా అని చూసేది. మా షెడ్డులో తెలుగు వచ్చినవాళ్లం కొందరమే. అందులో తలలు పారేయకుండా, వరస తప్పకుండా పక్కన పెట్టేది నేనొక్కదాన్నే. అందుకని ఆమె నా బల్లనే వెతుక్కుని వచ్చేది.

"అమ్మా, ఈ కవర్ల మీద అంకెలు వేసి పెడతారా? నా చేతులు ఖాళీ లేవు," అంది ఒకరోజు.

"నాకు అంకెలు రావమ్మా."

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత తడివేలితో స్టీలు బల్ల మీద ఒకటి వేసింది, రెండు వేసింది. "ఇంతే. చర్మం ఒలిచేదానికన్నా సులువు," అంది.

అట్లా మొదలైంది. అంకెలు పదిహేను రోజుల్లో వచ్చాయి. తర్వాత తెలుగు అక్షరాలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అర్ధగంట. గదికి పోయాక రాసుకోమని ఆమె ఒక పలకా బలపమూ తెచ్చి ఇచ్చింది. తోటి ఆడవాళ్లు నన్ను ఏడిపించారు.

"ఏమక్కా, ఆఫీసరమ్మవు అయినాక మమ్మల్ని గుర్తుపెట్టుకుంటావా?" అనేది ఒకామె.

"మొదలు నీ జీతమే కోస్తా," అనేదాన్ని.

పాప పోయిన తర్వాత నేను నవ్వింది ఆ మాటలకే.

ఒక ఆదివారం పడవలు రాలేదు. ఆ అమ్మాయి తను పనిచేసే చిన్న గదికి నన్ను పిలుచుకుపోయింది. గదిలో ఒక మేజా, మీద భూతద్దాల యంత్రం, గోడ పక్కన ఐసుపెట్టె ఉన్నాయి. ఐసుపెట్టెలో నా నడుము దాకా వచ్చే ఆడ నొసటి చేప ఒకటి ఉంది. ముందురోజు దాని పొట్ట కోసింది నేనే. నిండా గుడ్లు.

"ఇది ఎన్నేళ్లదనుకుంటున్నారమ్మా?" అని అడిగింది.

నేను కాసేపు చూశాను. "ఆరేడేండ్లు ఉండదా?"

"ఏడాది కూడా నిండలేదు."

"పోమ్మా, ఎగతాళి చేస్తాండావు. మా ఊర్లో ఏడాదికి మేకపిల్ల గూడ ఇంత కాదు."

ఆమె నవ్వింది. కానీ నేను ఎగతాళికి అనలేదు. మా నేల మీద పెద్దదంటే ముసలిదే. మోకాలెత్తు చెట్టు చూసి దీనికి పదేళ్లుంటాయని చెప్పగలం. ఎదగడానికి ఇక్కడ దేనికైనా అంత కాలం పడుతుంది. ఆ కంటితోనే నేను చేపనూ చూశాను.

ఆమె చేప తల చీల్చి, చిన్న పట్టకారుతో లోపలి నుంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టింది. నువ్వుగింజ కన్నా చిన్నది, తెల్లది. "ఇది చెవిరాయి," అంది. "చేపకు చెవి లోపల ఉంటుంది. పుట్టినప్పటి నుంచి రోజుకొక గీత దీని మీద పడుతుంది. తిన్నా తినకపోయినా, ఎండైనా వానైనా. అరగదీసి చూస్తే లెక్కపెట్టుకోవచ్చు."

ముందే అరగదీసి పెట్టిన ఇంకో రాయిని అద్దం కింద చూపించింది. నాకు మొదట ఏమీ కనబడలేదు. కళ్లు అలవాటు పడ్డాక సన్నని గీతలు ఒకదాని చుట్టూ ఒకటి, కోసిన ఉల్లిగడ్డలో పొరల్లాగా కనబడ్డాయి. ఒక్కో గీతా ఒక్కో పొద్దు. ఎవరూ రాయకుండానే రాసుకున్నవి.

"ఏడాది లేనిదానికి గుడ్లెట్లొచ్చినాయి?" అని అడిగాను.

"నాలుగైదు నెలలకే గుడ్లు పెట్టే ఈడు వస్తుందమ్మా వీటికి. ఎక్కువకాలం బతకవు. నాలుగేళ్లున్నదంటే పండు ముసలిది. చాలావాటికి రెండేళ్లే ఎక్కువ. అందుకని దొరికిందల్లా తింటాయి, ఎగిరే చేపల్ని వెంటాడి మరీ తింటాయి, గబగబా పెరుగుతాయి. ఈ చదువంతా ఎందుకంటే, ఎంతకన్నా చిన్నవాటిని పట్టకూడదో చెప్పాలి. ఒక్కసారైనా గుడ్లు పెట్టనివ్వాలి కదా."

"చేతికి దొరికినదాన్ని చిన్నదని ఎవరు ఇడ్సిపెడతారమ్మా?"

"అదే బాధ. పొడుగుగా ఉంటే పెద్దదే అనుకుంటారు. ఒకే రోజు పుట్టిన రెండింటిలో ఒకటి బాగా తిని పెరుగుతుంది, ఇంకొకటి పెరగదు. పొడుగు చూసి వయసు చెప్పకూడదమ్మా."

"మా పాపా పొడుగే," అన్నాను, ఎందుకన్నానో తెలియదు.

ఆమెకు పాప సంగతి తెలుసు. మెల్లగా అడిగింది. "ఎన్నేళ్లమ్మా అప్పటికి?"

పంతొమ్మిది అని నోటిదాకా వచ్చింది. అక్కడే నిలిచిపోయింది. పంతొమ్మిది అని నాకెవరు చెప్పారు? కాగితం. కాగితానికి ఎవరు చెప్పారు? నేను.

పాపను బడిలో వేసింది గొర్రెలు అమ్ముకున్న కరువులో. ఇంట్లో గంజి కూడా పూటకే. ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్లు, వారంలో కొన్ని రోజులు గుడ్డు కూడా. పిల్లను బడిలో వేస్తే ఒక పూట గడుస్తుందని తీసుకుపోయాను. పుట్టిన తేదీ ఎవరికీ తెలియని ఊర్లలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్లలు కుడిచేయి నెత్తి మీదుగా తీసుకుపోయి ఎడమచెవి పట్టుకోవాలి. చెవి అందితే బడి ఈడు వచ్చినట్టు. మా పాప చేయి చెవి పైదాకా వచ్చి ఆగిపోయింది. సారు రిజిస్టరు తిరగేస్తున్నాడు. నేను వెనక నిలబడి పిల్ల తలను పక్కకు ఒత్తి, భుజం పైకి లేపాను. వేళ్లు చెవికి తగిలాయి.

"అందింది సార్," అన్నాను.

సారు తలెత్తి చూశాడు. "ఎన్నేండ్లుమ్మా?"

ఐదుంటే చాలని నాకు తెలియదు. ఎక్కువ చెబితే అడ్డం చెప్పరనుకున్నాను. "ఆరు నిండినాయి సార్."

ఆ రోజు పాప బడిలో గుడ్డు తినింది. పచ్చసొన సగం నాకోసం గౌనులో దాచి తెచ్చింది. నేను చెప్పిన అబద్ధం నాకు గుర్తులేదని కాదు. నాలుగైదు నెలలు ఎక్కువ చెప్పి ఉంటాననుకున్నాను, అంతే. తర్వాత అందరూ ఆ కాగితాన్నే చూశారు, నేనూ దాన్నే నమ్మాను.

ఆ అమ్మాయితో "ఊరికి పోయినాక చెప్తామ్మా," అన్నాను.

మే నెలాఖరుకు ఊరికి వచ్చాం. మొట్టమొదట ట్రంకుపెట్టె తీసి ఆ కాగితం బయట పెట్టుకున్నాను. కూడబలుక్కుని చదివాను. పాప పేరు, వాళ్ల నాయన పేరు, పుట్టిన తేదీ జూన్ ఒకటి. పక్కింటి పిల్ల కాగితం అడిగి చూశాను. జూన్ ఒకటి. ఎదురింటి పిల్లవాడిదీ జూన్ ఒకటే. బడిలో చేరిన ప్రతి బిడ్డకూ సారు ఒకటే పుట్టినరోజు ఇచ్చాడు. నాకు అక్షరాలు వచ్చినంత మాత్రాన ఆ కాగితంలో లేనిది నేనెట్లా చదవగలను?

అప్పుడు బావ దగ్గరికి పోయాను. అంటే నా భర్త అన్న. మంద అమ్ముకున్నా ఆయన గొర్రెలను వదల్లేదు, ఇంకొకరి గొర్రెలు కాస్తున్నాడు. ఏ గొర్రె ఏ గొర్రెకు పుట్టిందో, ఎన్ని ఈతలు ఈనిందో ముప్పై ఏళ్ల కిందటివి కూడా చెప్పగలడు. మా ఇంట్లో పెళ్లిళ్లు, చావులు అన్నీ ఆయనకు గొర్రెలతోనే గుర్తు. నేను పోయేసరికి గుట్ట వాలులో కట్టె మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు.

"బావా, మా పాప ఏ యేడు పుట్టినాదో నీకు జ్ఞాపకం ఉండాదా?"

"ఇప్పుడేంటికమ్మా ఆ మాట?"

"చెప్పు బావా."

ఆయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. "మచ్చగొర్రె తొలిసూలు ఈనిన యేడు. మీ ఇంట్లో పిల్ల ఏడుపు, దొడ్లో గొర్రెపిల్ల అరుపు ఒగటే తూరి ఇన్యాము. మా నాయన నవ్వినాడు, రెండూ ఆడవేనని."

"ఆ గొర్రె ఎప్పుడు పాయె?"

"మంద అమ్మిన్నాడే. నేనే లారీకి ఎక్కిచ్చినా. కడుపుతో ఉండె. వాడికి చెప్పినా, సూడిదిరా, దీన్ని కొయ్యొద్దురా అని. వాడు ఇంటాడా?" ఆయన వేళ్లు మడిచాడు. "నాలుగు ఈతలు ఈని ఐదోదానికి కట్టింది."

"ఏడాదికొక ఈతేనా?"

"మేత లేని కాలంలో అంతకు మించి ఎట్లొస్తాయమ్మా?"

తొలి ఈతప్పుడు పాప పుట్టింది. ఐదో ఈత కడుపులో ఉన్నప్పుడు మంద అమ్మాం. ఆ నెలలోనే పాపను బడికి తీసుకుపోయాను. ఐదు ఈతల నడుమ నాలుగేళ్లు. అంటే సారు ముందర ఆరని నేను చెప్పినప్పుడు నా బిడ్డకు నాలుగు. పదేళ్లు బడిలో, రెండేళ్లు ఇంట్లో, మొత్తం పన్నెండు. అంగన్వాడీ ఆమె కాగితం చదివి నవ్విన రోజుకు పద్దెనిమిది కాదు, పదహారు. నేను అక్కడే ఆ గుట్ట మీద వేళ్లతో మూడుసార్లు లెక్కవేసుకున్నాను. ఎన్నిసార్లు వేసినా పదహారే.

"ఏమైందమ్మా?" అన్నాడు బావ. ఏమీ లేదని చెప్పి దిగి వచ్చాను.

మూడు రోజులు ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. నాలుగోరోజు పొద్దున చేనులో రాళ్లు ఏరుతున్నాం. నా భర్త గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. నేను తట్ట కింద పెట్టాను.

"నేనొకటి చెప్తా, ఇంటావా?" అన్నాను. "పాపకు పెండ్లినాటికి పద్దెనిమిది కాదు. పదారే. బడిలో ఏసేటప్పుడు నేనే తప్పు చెప్పినా."

ఆయన అగ్గిపుల్ల ఊపి ఆర్పాడు. నా వైపు చూడలేదు.

"నాకు తెలుసు," అన్నాడు.

నేను ఆయన ముందుకు పోయి నిలబడ్డాను.

"రెండో తరగతి దాటేదాకా దాని పాలపండ్లు ఊడలా," అన్నాడు. "మూడులో గదా ముందరిపన్ను ఊడింది, ఇంటి మీదికి విసిరేసింది. పండ్లు చూసి గొర్రె వయసు చెప్పేవాన్ని. నా బిడ్డది చెప్పలేనా?"

"మరి ఏంటికి చెప్పలా?"

"నీకూ తెలుసనుకుంటి. కన్నదానివి నువ్వు గదా."

ఆయన మట్టిగడ్డ ఒకటి తీసి చిదిపాడు. "రెండేండ్లు ఆగుదామని నేనన్లేదా?"

అన్నాడు. నాకు గుర్తొచ్చింది. సంబంధం మాట్లాడుకున్న రోజుల్లో, నేను జొన్నలు చెరుగుతుండగా, రెండేండ్లు ఆగితే ఏం పోతాదే అన్నాడు. చేతిలో దుడ్లు లేక అంటున్నాడనుకున్నాను. ఆగి ఏం చేద్దాము, దాన్ని ఆ గోనెపట్టా పక్కన పండబెడదామా అని నేనే కసిరాను. ఆయన లేచి బయటికి పోయాడు.

"ఇది ఎందుకని గట్టిగా చెప్పకపోతివి? వయసు చాల్లేదే అని ఒక్క మాట అంటే నేను ఇనకపోదునా?"

"ఇనేదానివేమో. ఇని ఏం చేసుందుము?" అన్నాడు. బీడీ అప్పటికే ఆరిపోయింది. దాన్నే మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. "ఈడ తిండి లేదు. ఆడికి దాన్ని పిల్చకపోలేము. నాకూ దోవ తెలీలా."

నేను తట్ట ఎత్తుకున్నాను. పొద్దు నెత్తికి వచ్చేదాకా ఇద్దరం రాళ్లు ఏరాం. ఆయన ఒక కొస నుంచి, నేను ఇంకో కొస నుంచి. ఆయన మీద కోపం రావాలని చూశాను, రాలేదు. తెలిసి ఊరుకున్నవాడిది ఎక్కువ తప్పా, తెలుసుకోకుండా నమ్మినదానిది ఎక్కువ తప్పా? నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక్కో రోజు ఒక్కో విధంగా అనిపిస్తుంది.

ఆ ఏడు విత్తనం మొలిచింది గానీ తర్వాత వాన రాలేదు. ఆగస్టు మొదట్లో మళ్లీ మూటలు కట్టుకున్నాం. చేనులో ఆ మాట అయినప్పటి నుంచి మా ఇద్దరి నడుమ అవసరానికే మాటలు. అన్నం పెట్టనా, తలుపు వేసినావా, అంతే. పొద్దున బస్సులో కూడా ఆయన కిటికీ పక్కన, నేను ఇటు పక్కన, నడుమ మూట.

బత్తలపల్లె దాటాక ఆయన నోరు విప్పాడు.

"పదారు గూడ నిండలేదే," అన్నాడు.

నేను తిరిగి చూశాను.

"అది పుట్టింది శ్రావణంలో. మనం పెండ్లి చేసింది జ్యేష్ఠంలో. ఇంగా రెండు నెల్లు తక్కువ."

అన్నాళ్లూ ఆయన ఆ రెండు నెలలను కూడా మోశాడు. పాప పోయిన తర్వాత మేమిద్దరం పాప గురించి కూర్చుని మాట్లాడుకోలేదు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు లేచి పోయేవాళ్లం. ఆ బస్సులో లేచి పోవడానికి చోటు లేదు.

"నాకు నొప్పులు తప్ప ఏమీ జ్ఞాపకం లేదు," అన్నాను. "పుట్న్యప్పుడు ఎట్లుండె?"

"నల్లగుండె. ముడతలు ముడతలు. ఏడ్సి ఏడ్సి మొగమంతా ఎర్రగైపోయినాది. నువ్వు పండుకున్న్యావు. మంత్రసాని బయటికి తెచ్చి నా చేతుల్లో పెట్టె. యాడ జారిపోతాదో అని నేను కదల్లేదు. వానపడతాండె, చిన్న తుంపర. నేను తడుస్తానే నిలబడినా."

"ఎంత ఉండె?"

ఆయన రెండు చేతులూ మూట పైకెత్తి ఎడంగా పెట్టి చూపించాడు. "ఇంతే."

నేను ఆ చేతుల నడుమ చూశాను. ఆయన కూడా అక్కడే చూస్తున్నాడు. కండక్టరు వచ్చి టికెట్టు అన్నాడు. ఆయన చేతులు దించలేదు. నేను కొంగుముడి విప్పి రెండు టికెట్లు తీసుకున్నాను.